నిప్పు చూడని ద్రాక్షరసం

గుడిలో ప్రభువు బల్ల దగ్గర నుంచి బయల్దేరిన రొట్టె పళ్ళెం మగవాళ్ళ చాపల మీద చేతులు మారుతోంది. అది ఆడవాళ్ళ వైపుకు వచ్చి, తిరిగి బల్ల చేరాక ద్రాక్షరసం గిన్నె లేస్తుంది. రొట్టెతో భయం లేదు. ఇవాళ ఈస్టరు ఆదివారం, తొలికోడి కూశాక పొయ్యి రాజేసి, పెనం మీద రెండు వైపులా మచ్చలు పడేదాకా తన చేత్తోనే కాల్చింది సోమలమ్మ. అది నిప్పు చూసిన వస్తువు. గిన్నెలోది చూడలేదు. ఆ మాట ఒక్కటే ఆమె బుర్రలో తిరగలి తిరిగినట్టు తిరుగుతోంది, ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగుతోంది. ఇందాక ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు పక్కనున్న రాహేలు చెవి దగ్గర గొణిగింది, పాపం మామూలు కబురే అనుకుని గొణిగింది. "జోగులు కూతురికి వాంతులు, బేదులంట అప్పా. శుక్రారం మద్దినేళ నుంచీ. గుడ్డలన్నీ ఏటి సెలమలోనే జాడించీసినారట, తుమ్మసెట్టు కాడ." అనేసి, అందరితో కలిసి ఆమెన్ కూడా అంది. సోమలమ్మ ఆమెన్ అనలేదు. శుక్రవారం పొద్దుగూకే వేళ ఈ బల్ల కోసం ఆమె కడవ ముంచింది ఆ తుమ్మచెట్టు చెలమలోనే.

ఆ చెలమ కాకపోవచ్చు. వరాహ ఏరు ఎండిపోయిన ఈ చైత్రంలో నర్సీపట్నం జనం ఇసకలో ఎన్ని చెలమలు తవ్వుకోలేదు? కాని తుమ్మచెట్టు ఒక్కటే కదా. పోనీ, తను ముంచుకుని వచ్చేశాకే వాళ్ళు జాడించారేమో. మధ్యాహ్నం నుంచీ జబ్బంటే, ఆ గుడ్డలు పొద్దుగూకేదాకా ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? ఆ వేళకి చెలమ అంచున ఇసక తడిగా ఉంది, అప్పుడే ఎవరో వాడుకుని వెళ్ళినట్టు. నీరు కాస్త కలకగా కూడా ఉంది. ఉపవాసంతో కళ్ళు తిరుగుతున్నాయి, కలక తేరేదాకా కూర్చునే ఓపిక లేక కడవ మూతికి గుడ్డ కట్టి ముంచేసింది. ఇదే ఏరు పుష్యమాసంలో నడుము లోతు పారింది. ఆ నీళ్ళలోనే పాస్టరు జెకర్యాగారు సోమలమ్మ కూతురు దీనమ్మను వెనక్కి వాల్చి ముంచి లేపారు. గట్టు మీద అందరూ పాట ఎత్తుకున్నారు. వణుకుతున్న పిల్ల మీద దుప్పటి కప్పి, ఈ నీళ్ళు చల్లగుండాలి అనుకుంటూ ఏడ్చింది తను. ఇప్పుడు అదే ఏటి నీళ్ళను తలచుకుంటే అరికాళ్ళు చల్లబడుతున్నాయి.

మిషను బంగళా నూతిలో నీళ్ళుంటే ఈ పాట్లు వచ్చేవి కావు. నుయ్యి అడుగంటి బురద తేలింది. దొరసాని ఎండలకు తాళలేక చల్లటి కొండలకు వెళ్ళిపోయింది. ఆవిడ ఉంటే వంటింటి గుమ్మంలో నిలబడి, వచ్చీరాని తెలుగులో "మరగాలి సోమలమ్మా, బాగా మరగాలి" అని వేలు ఆడించేది. ఎండుద్రాక్షను నీళ్ళలో వేసి పొంగు వచ్చేదాకా కాచి, చల్లార్చి, పిసికి, గుడ్డలో వడగట్టడం ఆవిడ నేర్పిన పనే, ఇన్నేళ్ళూ పొల్లుపోకుండా చేసిన పనే. ఈ ఏడే తప్పింది. తప్పించింది ఎవరో కాదు, తన భక్తే. దీనమ్మకు రెండు కడుపులు నిలవలేదు, ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది, అందుకని మొక్కుకుంది సోమలమ్మ. ప్రభువు సిలువెక్కిన వేళ నుంచి సమాధిలోంచి లేచే వేళ దాకా ఇంట్లో పొయ్యి రాజెయ్యనని. మొక్కులు మనకు లేవమ్మా, అవి వదిలేసి వచ్చిన అలవాట్లు అని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పలేదు! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఏట్లో మునిగితే పోతుందనుకోవడం ఆయన అమాయకత్వం. దేవుణ్ణి మార్చుకుంది గాని మొక్కే చేతులు అవే కదా. అందుకే ఎండుద్రాక్షను చన్నీళ్ళలోనే నానేసింది. నిన్న దీపాలు పెట్టాక పిసికి, వడగట్టి, అరచేతిలో చుక్క వేసుకుని తీపి చూసి, బాగుందనుకుని మూత పెట్టింది. ఈ ఏడాది రసం మొక్కు చెడకుండా తయారైందని, దేవుడు మెచ్చుకుంటాడని మురిసిపోయింది కూడా.

మెచ్చుకోవడం దేవుడెరుగు. గత్తరంటే, ఆ కలరా అంటే ఏమిటో తనకు తెలుసు. ఆ మూల స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు సింగన్న, తన పెనిమిటి. కోతల పండుగకు తొలి పన నెత్తిన పెట్టుకుని, కొత్త తలపాగాతో, పెళ్ళికొడుకులా ఈ గుమ్మంలోంచే నడిచి వచ్చాడు. సంఘమంతా నవ్వింది, పెద్దాయనకి మళ్ళీ పెళ్ళా అని. ఆ పన బల్ల ముందు ఇంకా పచ్చిగా ఉండగానే, వారం తిరక్కుండా ఒకనాటి పొద్దున కళ్ళంలో కుప్ప నూర్చినవాడు దీపాల వేళకు లేడు. కళ్ళు లోపలికి పోయాయి. పిక్కలు మెలిపడిపోయాయి. చాలాసేపు నీళ్ళలో నానినట్టు వేళ్ళు ముడతలు పడ్డాయి. నీళ్ళు, నీళ్ళు అని గొంతు పోయేదాకా అడిగాడు, ఇచ్చిన నీళ్ళు ఇచ్చినట్టే బయటికి వచ్చేశాయి. సామిని మార్చినోడికి ఇదే శాస్తి అని ఊళ్ళో అనుకున్నారు. మన్యం పితూరీ నాటి క్రిస్మసుకు కూడా తను ఇంత భయపడలేదు. ఆ ఏడు మైదానం నిండా సిపాయిల గుడారాలు, లాంతరు వెలిగిస్తే సిపాయిలు ఆపుతారని, వెలిగించకపోతే దొంగలనుకుంటారని, అందరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని గొంతు తగ్గించి పాడుకుంటూ ఇంటింటికీ తిరిగారు. అప్పుడు భయం బయట ఉండేది. ఇప్పుడది బల్ల మీద, తను ఉతికి గంజి పెట్టిన తెల్లగుడ్డ కింద ఉంది.

చెప్పకపోతేనో? ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో గాని మెత్తగా వచ్చి పక్కన కూర్చుంది. బల్లకు ముందు పాస్టరుగారు ప్రతిసారీ చెప్పే మాటే ఇవాళా చెప్పారు. మనసులో కల్మషం పెట్టుకుని ఈ గిన్నె తాగినవాడు తన మీదికి తానే శిక్ష తెచ్చుకుంటాడని, సంఘాల్లో కొందరు జబ్బుపడింది అందుకేనని, కొందరు కన్నుమూసింది కూడా అందుకేనని. అంటే ఇక్కడ ఎవరికి జబ్బు చేసినా అది వాడి పాపమే అయిపోతుంది. చాటుగా కల్లు తాగాడనో, పెళ్ళాన్ని కొట్టాడనో, అమ్మోరికి దొంగతనంగా కోడిని కోశాడనో అనుకుంటారు. నీళ్ళ మాట ఎవరి నోటా రాదు. పైగా సంఘంలో ఆడది నోరెత్తకూడదని కూడా చెబుతారు కదా. నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చూసి ఆమెకు తనంటేనే భయమేసింది. అటు చూస్తే, ప్రభువు గిన్నెలో చావు ఉందని అరవడం మాత్రం చిన్న పాపమా? అంతమంది ప్రార్థన చేసిన రసాన్ని పట్టుకుని గత్తర అంటే ఆకాశం ఊరుకుంటుందా? దేవుడా, ఆ గిన్నెను నువ్వే బాగుచెయ్యరాదా, నీకెంత పని, అనుకుంది. గోడ మీద బల్లి కూడా కిక్కురుమనలేదు. సింగన్న పోయిన రోజున కూడా ఇలాగే అడిగింది తను.

అయినా ఆమె లేచి చెప్పనిది ఇందుకేమీ కాదు. ఇంకొకటి ఉంది, దాన్ని తాకితే చాలు లోపలంతా మండుతుంది. ఊరవతల పేటలో పుట్టిన మనిషి సోమలమ్మ. పడుచుదనంలో నాతవరం దగ్గర మహాలక్ష్మమ్మగారి చేలో కలుపు తీసేది. ఎండవేళ దాహమేసి వాకిటికి వెళితే, మహాలక్ష్మమ్మగారు చెడ్డ మనిషి కాదు, లేదనేది కాదు, ఒక్కోసారి మజ్జిగ కూడా పోసేది. కాని ఎత్తి పోసేది. "ఒలే సోమీ, దూరంగుండి పట్టే, సెంబుకి తగిలీగల్దు" అనేది. తను గొంతుకూర్చుని దోసిలి పడితే పైనించి ధార పడేది, సగం నోట్లోకి, సగం రవికలోకి. తను నీళ్ళు తాగడమే అలా ఉంటే, తను ముంచిన నీళ్ళు ఇంకొకరు తాగడమన్న మాట కలలో కూడా లేదు. ఈ గుడిలోకి వచ్చాక, దొరసాని రసం చేసే పని తనకు అప్పగించినప్పుడు, ఎవరు తాగుతారమ్మా అని అడిగింది. "అందరూ" అంది దొరసాని. ఆ అందరిలోకి సోమసుందరం మాస్టారు వచ్చి చేరాడు. కరణాల ఇంటి బిడ్డ, మిషను బళ్ళో పంతులు, బాప్తిస్మం తీసుకున్న రోజున కన్నతల్లి బతికున్న కొడుక్కి నీళ్ళు వదిలేసింది. ఆయన మొదటిసారి బల్లకు కూర్చున్నప్పుడు గుడంతా ఊపిరి బిగబట్టి చూసింది. గిన్నెలోది ఎవరి చేతి నీళ్ళో ఆయనకు తెలుసు. కళ్ళు మూసుకుని, రెండు చేతులతో పట్టుకుని తాగాడు. బయటికి వచ్చాక "రసం తియ్యగా ఉందమ్మా" అన్నాడు. ఆ మాట మీద ఇన్నేళ్ళు బతికింది సోమలమ్మ. మట్టల ఆదివారం ఈతమట్టలు పట్టుకుని నడిచినా, కోతల పండుగకు గింజలు మోసినా, ఏడాది ఆఖరి రాత్రి కునికిపాట్లు పడుతూ సాక్ష్యం చెప్పినా, ఆమె తల ఎత్తే ఉండేది, తన చేతి నీళ్ళు తాగే మనుషులు తనకున్నారని. ఇప్పుడు అందరి ముందూ లేచి, నా చేతి నీళ్ళు తాగొద్దని తన నోటితో తనే చెప్పాలి.

రొట్టె పళ్ళెం ఆమె ముందుకు వచ్చింది. ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. పక్కన దీనమ్మ, ఇవాళే మొదటిసారి బల్లలో చెయ్యి వేస్తున్న పిల్ల, కొత్త చీర కొంగు తల మీదికి లాక్కుని, రెండు వేళ్ళతో జాగ్రత్తగా ముక్క అందుకుంది. ఆ ముఖంలో వెలుగు చూసేసరికి సోమలమ్మ చూపు తిప్పుకుంది. పళ్ళెం బల్ల చేరింది. పాస్టరుగారు తెల్లగుడ్డ తీసి మడిచారు. గిన్నె ఎత్తి కృతజ్ఞత చెల్లిస్తున్నారు. ఆయన ప్రార్థన చెరువంత పొడుగని, పిల్లలు నిద్రపోతారని నవ్వుకునేవాళ్ళు అందరూ. ఇవాళ అది ఇంకా పొడుగ్గా సాగితే బాగుండునని, సాయంత్రం దాకా సాగాలని, చెప్పడం కాదు, చెప్పాల్సిన అవసరమే రాకూడదని కోరుకుంది. ఆమెన్. దేవుళ్లు అనే సంఘపెద్ద గిన్నె అందుకున్నాడు. మగవాళ్ళ మొదటి చాప, మొదటి మనిషి సోమసుందరం మాస్టారు. కాపరి కంటే ముందు మంద తాగాలని పాస్టరుగారు ఎప్పుడూ ఆఖరునే తాగుతారు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజులాగే రెండు చేతులతో పట్టుకున్నాడు. గిన్నె అంచు పైకి లేస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇక లేదు, ఇంకో రెప్పపాటు దాటితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, లే, లే సోమీ అని లోపల ఎవరో అరుస్తున్నారు, సింగన్న గొంతులా ఉంది, సోమలమ్మ రాహేలు భుజం పట్టుకుని లేచింది.

"ఒద్దు బాబూ! తాగకండి!" ఆ గొంతు తనదేనా అనిపించింది. "అది కాయనేదు. తుమ్మసెట్టు సెలమ నీళ్ళు. జోగులోళ్ళు జబ్బు గుడ్డలు జాడించిన సెలమ. నా సేతి నీళ్ళు ఎవురూ ముట్టుకోకండి."

మాస్టారు గిన్నె దించాడు. సోమలమ్మ ఆయన ముఖం చూడలేదు, మీసం చూసింది. మీసం పొడిగానే ఉంది. అది చూశాకే కూర్చుంది. పాస్టరుగారు బల్ల వెనకనించి వచ్చారు. "మరగబెట్టలేదా సోమలమ్మా?" "నేదయ్యగారూ. పొయ్యి ఎలిగించనని మొక్కుకున్నాను." మొక్కు అన్న మాటకు ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయారు. మాస్టారి చేతిలోని గిన్నెను చూసి, దీనమ్మ వైపు చూసి, ఆ మాట మింగేశారు. ఆమె వెలి తప్పదనుకుంది. సంఘం ముందు నిలబెట్టి, ఇక రసం నువ్వు చెయ్యొద్దంటారని, ఆ పని రాహేలుకో ఇంకొకరికో ఇస్తారని, ఎదురుచూసింది. "పొయ్యి రాజెయ్యమ్మా, కూర్చుంటాం" అన్నారాయన. దేవుళ్లు గొణుగుతూనే గుడి వెనక గొయ్యి తీసి, ఆ రసం పోసి, మీద సున్నం చల్లి పూడ్చాడు. గిన్నెను బూడిదతో తోమి నిప్పు సెగ చూపించారు. పాస్టరుగారి ఇంటి కుండలోంచి మాస్టారే నీళ్ళు మోసుకొచ్చాడు, పొయ్యి ముందు గొంతుకూర్చుని గొట్టంతో ఊదుతూ పొగకు కళ్ళు నులుముకున్నాడు. లోపల సంఘమంతా చాపలు వదలకుండా పాటలు పాడుకుంటోంది. ఇలాంటి ఈస్టరు ఎవరూ ఎరగరు. మిగిలిన గుప్పెడు ఎండుద్రాక్ష నీళ్ళలో తెర్లుతూ, ఉబ్బి, పైకీ కిందికీ తిరుగుతోంది.

పొంగు చూస్తూ ఉంటే భయం దిగిపోవాలి. దిగలేదు. ఎవరూ తాగలేదు, దీనమ్మ తాగలేదు, మాస్టారు మీసం తడవలేదు, ఇంకా దేనికి భయం అని తనను తాను అడిగింది. గరిటె పట్టుకున్న కుడిచేతి వైపు చూసుకుంది, అరచెయ్యి ఇంకా జిగటగా ఉన్నట్టనిపించింది. అప్పుడు తీపి నాలుక మీదికి వచ్చింది. నిన్న రాత్రి దీపం వెలుగులో అరచేతిలో వేసుకున్న చుక్క. ఒకటి కాదు, సరిగ్గా తెలియలేదని రెండోసారి కూడా చూసింది. ఇందాకటి నుంచీ అందరి నోళ్ళ గురించీ భయపడిన మనిషికి తన నోరు జ్ఞాపకం రాలేదు. కడుపులో ఏదో కదిలినట్టయింది. ఉపవాసం వల్ల కావచ్చు. రాత్రి నుంచి ఇంతవరకు ఏమీ కాలేదు కదా. సింగన్నకు ఎప్పుడు మొదలైంది? ఆ పాడు నీళ్ళు తాగిన పూటేనా, మర్నాడా? ఎంత వెతికినా జ్ఞాపకం రావడం లేదు. ఆమె గరిటె మాస్టారి చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి, "మీరే వడగట్టండి బాబూ" అని నాలుగు అడుగులు వెనక్కి జరిగింది. ఆయనకు అర్థం కాలేదు. చేతులు కడుక్కుని వచ్చి ఆయనే వడగట్టాడు.

గిన్నె మళ్ళీ లేచింది. మాస్టారు తాగాడు, దేవుళ్లు తాగాడు, మగవాళ్ళ చాపలన్నీ దాటి ఆడవాళ్ళ వైపుకు వచ్చింది. గోరువెచ్చని వాసన. దీనమ్మ రెండు చేతులా అందుకుని, కళ్ళు మూసుకుని తాగింది, కంట్లోంచి నీళ్ళు బుగ్గ మీదికి జారాయి. తాగి, కొంగుతో అంచు తుడిచి తల్లికి అందించింది. సోమలమ్మ చేతులు చాపలేదు. తన తరువాత రాహేలు ఉంది, రాహేలు తరువాత ఇంకా రెండు చాపల నిండా ఆడవాళ్ళు, ఆఖరున పాస్టరుగారు. ఈ గిన్నె వదులుకోవడం కూడా ఆమె వల్ల కాలేదు, ఇవాళ అసలే కాదు. చాప దిగి, కటిక నేల మీద గొంతుకూర్చుని, దోసిలి పట్టింది.

"ఎత్తి పొయ్యే" అంది.

"ఏటమ్మా ఇది?" దీనమ్మ బిత్తరపోయింది. గుడంతా ఇటే చూస్తోంది.

"రాత్రి నేను తీపి సూసీసేనే. గిన్నెకి నా మూతి తగలకూడదు. బేగి పొయ్యి."

దీనమ్మకు అర్థమైంది, మోకాళ్ళ మీద లేచి గిన్నె వంచింది. ధార సన్నగా పడింది, సగం దోసిట్లోకి, సగం మణికట్ల మీదుగా రవికలోకి. సోమలమ్మ తల వంచి తాగుతూ, కళ్ళు మాత్రం పైకెత్తి గిన్నె అంచునే చూస్తోంది.

"ఇంకా ఎత్తే అమ్మా" అంది. "తగిలీగల్దు."